చెవి వెనక చీమ

తొమ్మిదేళ్లపాటు స్వరూప తిండీ నిద్రా సరిగా లేకుండా కూర్చుని తయారుచేసిన యంత్రం చివరికి పెసరగింజంత తేలింది. దాన్ని చెవి వెనక, ఎముక మీద అతికించుకోవాలి. ప్రయోగశాల కాగితాల్లో దానికి బారెడు పేరుంది కానీ ఆ పేరు ఎవరూ పలికిన పాపాన పోలేదు. మొదటిసారి దాన్ని పెట్టుకున్న ఎజాజ్ "అరె, చీమ కుట్టింది" అన్నాడు. ఎజాజ్ ఆమెతో కలిసి పనిచేసే ఇంజనీరు. ఆ రోజునుంచి అది చీమే అయింది.

స్వరూప అతన్ని అడిగింది పెద్ద ప్రశ్నేమీ కాదు. "మీ ఇంటికి మెట్లెన్ని?" అంది. అతను ఠక్కున "పద్దెనిమిది" అన్నాడు, చీమ కుట్టింది. సాయంత్రం ఇంటికి వెళ్లి లెక్కపెడితే ఇరవై ఒకటి. పద్నాలుగేళ్లుగా రోజూ ఎక్కి దిగుతున్న మెట్లు. మర్నాడంతా అతను "పద్దెనిమిదని నాకెవరు చెప్పారు?" అని కనిపించినవాళ్లందరినీ అడుగుతూ తిరిగాడు.

ఎవరూ చెప్పలేదు. మనసుకు ఖాళీ అంటే గిట్టదు. జ్ఞాపకంలో జవాబు లేకపోతే అప్పటికప్పుడు ఒకటి అల్లి, ఇది మొదటినుంచీ ఇక్కడే ఉందన్నట్టు చేతిలో పెడుతుంది. వెతికి తీసిచ్చిన జవాబుకీ, అల్లి ఇచ్చిన జవాబుకీ మెదడులో పుట్టే కదలిక వేరు. ఆ తేడాను పట్టుకుంటుంది చీమ. అల్లిన మాట నోట్లోంచి వచ్చిందా, చురుక్కుమనిపిస్తుంది. ఏ మాటకు కుట్టిందో గంటా నిమిషంతో సహా రాసి పెట్టుకుంటుంది. తెలిసి అబద్ధమాడితే మాత్రం కుట్టదు, ఆ మనిషికి నిజం తెలుసు కనక.

మొదటి వారం ప్రయోగశాల అంతా బడి వదిలిన పిల్లల్లా తయారైంది. స్వరూప పక్కింటావిడకు ఫ్రిజ్ ఎలా చల్లబరుస్తుందో వివరించబోయి రెండు వాక్యాల్లో మూడుసార్లు కుట్టించుకుంది. ఆ రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చుంటే గానీ ఫ్రిజ్ ఎలా పనిచేస్తుందో ఆమెకు తెలిసిరాలేదు. ఇంత తెలియకుండా ఇన్నాళ్లు ఇంత ధీమాగా ఎలా బతికానా అని ఆమెకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఎక్కువగా సంతోషమే కలిగింది.

చీమను బయటి ప్రపంచంలో పరీక్షించాలన్నప్పుడు ఆమెకు మొదట గుర్తొచ్చింది అన్న ఓదెలు. స్వరూప పదో తరగతిలో ఉండగా తండ్రి పోతే, ఆ తండ్రి ఉద్యోగంలోనే చేరి ఆమెను చదివించినవాడు. ఇప్పుడు బొగ్గు బావిలో సర్దార్. షిఫ్టు మొదలయ్యేముందు పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసి, మనుషుల్ని లోపలికి పంపాల్సింది ఆయనే. ఆయన "మంచిగున్నది" అంటే పన్నెండు మంది ఆ రాతి కింద ఎనిమిది గంటలు నిలబడతారు. తెలియనిది తెలుసనుకుంటే ప్రాణాలు పోయే చోటు అంతకన్నా ఏముంటుంది?

"కుడుతదా?" అన్నాడు ఓదెలు గింజను వేలిమీద పెట్టుకుని.

"నీకు తెల్వకపోతేనే కుడుతది అన్నా."

"అట్లయితే మీ వదినెకు పెట్టు ముందుగాల. పొద్దంత కుడుతనే ఉంటది."

వంటింట్లోంచి వదిన సమ్మక్క గరిటె చప్పుడుతోనే జవాబు చెప్పింది.

ఓదెలు ముఠాలో ఒక అలవాటుంది. మిగతా ముఠాల్లో సర్దార్ ఒక్కడే ఇనుప పొన్ను కర్రతో కప్పును కొట్టి, మోత విని, తీర్పు చెబుతాడు. ఖణేల్‌మంటే గట్టి, డొల్లగా మోగితే పొర ఊడుతున్నట్టు. ఓదెలు మాత్రం తాను కొట్టాక కర్రను పక్కవాడికి ఇస్తాడు. అది పన్నెండు చేతులూ తిరగాలి. ప్రతివాడూ కొట్టి, తనకేమనిపించిందో ఒక మాట చెప్పాలి. తప్పయినా సరే, పిచ్చిదైనా సరే, ఏదో ఒకటి అనకుండా కర్రను దాటించకూడదు. దీనికి పావుగంట పట్టేది. పైవాళ్లు విసుక్కునేవారు, ఓదెలు వినిపించుకునేవాడు కాదు.

ఆ ముఠాకంతా చీమలు అతికించి స్వరూప హైదరాబాదు వెళ్లిపోయింది. మొదటి వారం ఒక్కొక్కర్ని రోజుకు అరవైసార్లు కుట్టాయి. రెండో వారానికి నలభై. రెండు నెలలు తిరిగేసరికి తొమ్మిది. ఆ గీత కాగితం మీద కిందికి దిగుతుంటే స్వరూప గుండె పైకి లేచేది. మనుషులు తమకు తెలియనిదేమిటో తెలుసుకుని, నేర్చుకుంటున్నారని ఆమె నివేదిక రాసింది. గని యాజమాన్యం మురిసిపోయి మిగతా ముఠాలకూ, ఆఫీసులో అధికారులకూ చీమలు తెప్పించింది. రెండు ఆసుపత్రులు తమకూ కావాలన్నాయి.

ఆ ఆదివారం ఆమె అన్న ఇంటికి భోజనానికి వెళ్లింది. గని క్వార్టర్సులో రెండు గదుల ఇల్లు. స్టవ్ మీద గిన్నె, దాని మీద మూత. ఓదెలు పీట మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు.

"ఏం కూర వదినె?" అంది స్వరూప.

"మీ అన్నను అడుగు," అంది సమ్మక్క. అది ఆ ఇంట్లో పాత ఆట. మూత తీయకముందే కూరేమిటో ఓదెలు చెప్పాలి. పదిసార్లకు తొమ్మిదిసార్లు తప్పు చెబుతాడు, దానికి సమ్మక్క ఆయన్ని ఆడిపోసుకుంటుంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఈ ఆట ఆగలేదు.

ఓదెలు మాట్లాడలేదు. సమ్మక్క వెళ్లి మూత తీసింది. ఆయన తొంగి చూసి "గోకరకాయ" అన్నాడు.

"చూసినవా," అంది సమ్మక్క గొంతు తగ్గించి. "రెండు నెలలసంది గిట్లనే. మూత దీసేదాక నోరు తెరుస్తలేడు. మొగులు జూసి వాన పడుతదనేటోడు, బస్సు చప్పుడు ఇని ఏ డ్రైవరో చెప్పేటోడు. ఇప్పుడు ఏం లేదు. తప్పు చెప్పినా బాగుండు స్వరూపా, ఇంట్ల ఒక మనిషున్నట్టుండేది."

"కుడుతది గద," అన్నాడు ఓదెలు, తప్పు చేసినవాడిలా చెవి వెనక తడుముకుంటూ. "చురుక్కుమన్నప్పుడల్ల నా అంత తెలివి తక్కువోడు లేడనిపిస్తది. ఎర్కున్నదే మాట్లాడితే పాయె గదా."

 స్వరూప అన్నం సగంలో వదిలి, సంచిలోంచి కంప్యూటర్ తీసి, మంచం మీద కూర్చుంది. ఇన్నాళ్లూ ఆమె లెక్కపెట్టింది చీమ ఎన్నిసార్లు కుట్టిందో మాత్రమే. దాన్ని పెట్టుకున్న మనిషి మనసు ఎన్నిసార్లు ఒక ప్రశ్న దగ్గరికి వెళ్లిందో ఎన్నడూ చూడలేదు. అది కూడా ఆ రాతల్లోనే ఉంది, వెతికితే అరగంటలో దొరికింది. చీమకాట్లు ఎంత తగ్గాయో ప్రశ్నలూ సరిగ్గా అంతే తగ్గాయి. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. పరీక్ష రాయడం మానేసినవాడు తప్పడు మరి. వాళ్లు నేర్చుకోలేదు, అడగడం మానేశారు.

ఇన్నాళ్లూ తనకు ఈ ఆలోచన ఎందుకు రాలేదో ఆమెకు అర్థమైంది. తన చెవి వెనకా చీమ ఉంది. తను వేసుకోని ప్రశ్నకు అది కుట్టదు.

"అన్నా, కర్ర తిప్పుతున్నరా?" అంది ఉన్నట్టుండి.

ఓదెలు తల దించుకున్నాడు. "ఎవలు జెప్తరు? చెప్తే కుట్టుడాయె. నేనే కొడుతున్న. చీమ కుడుతలేదు అంటే మంచిగున్నట్టే గద."

మర్నాడు మొదటి షిఫ్టుకు, మేనేజరు అనుమతి తీసుకుని, టోపీ లైటు పెట్టుకుని స్వరూప కూడా బావి దిగింది. పదకొండో గాలరీ సొరంగం దగ్గర ముఠా ఆగింది. ఓదెలు ముందుకు వెళ్లి కర్రతో మూడుచోట్ల కొట్టాడు. మూడుసార్లూ ఖణేల్‌మంది. ముప్పై ఏళ్లుగా తెలిసిన మోత అది, ఆయన చీమ కుట్టలేదు. "మంచిగున్నది, నడువుండ్రి" అన్నాడు. వాళ్లు అడుగు వేశారు.

"అన్నా, ఒక్కసారి కర్ర తిప్పు," అంది స్వరూప.

ఓదెలు కర్రను లింగయ్యకు అందించాడు. లింగయ్య ముఠాలో పెద్దవాడు, ఆ గాలరీ మొదలైనప్పటినుంచీ అందులోనే పనిచేస్తున్నాడు. కొట్టాడు, మోత విన్నాడు, కర్ర పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

"కుడితే కుట్టనీ లింగయ్యన్నా. తప్పయినా చెప్పు. తప్పు నాది, చీమను తెచ్చింది నేను," అంది స్వరూప. 

లింగయ్య లైటు తిప్పి గోడ పక్క ఒక మూల చూపించాడు. "ఆడ ఎప్పుడూ నీళ్లు కారుతుండె మేడం. నాలుగు దినాలసంది ఒక్క చుక్క లేదు."

"ఎందుకు చెప్పలే?" అన్నాడు ఓదెలు.

"చెప్తే ఎందుకు కారుతలేవు అని అడుగుతవు. నాకు ఎర్కలేదు. ఏదో ఒకటి అనాలె, అంటే కుడుతది." అని ఒక్క క్షణం ఆగి అనేశాడు. "పైన ఏదో తెర్సుకొని నీళ్లు అటు పోతున్నయేమో." అంటూనే చెవి పట్టుకున్నాడు.

కర్ర కదిలింది. నాలుగోవాడు, శనివారం కప్పు కింద నిలబెట్టిన దుంగ ఇవాళ తనకు పొట్టిగా కనబడుతోందని, పైన బరువు పెరిగిందేమోనని అన్నాడు, కుట్టించుకున్నాడు. ఏడోవాడు, అన్నం తినేటప్పుడు తలమీద రాతిపొడి రాలుతోందని, అది పక్క గాలరీలో మందు పేల్చిన అదురు కావచ్చునని అన్నాడు, కుట్టించుకున్నాడు. మిగతావాళ్లకేమీ అనిపించలేదు, కానీ ఒకడు తనకు ఇక్కడ నిలబడాలని లేదన్నాడు. కర్ర తిరిగి ఓదెలు చేతికి వచ్చింది. ఆయన మళ్లీ కొట్టాడు. మళ్లీ ఖణేల్‌మంది.

ఓదెలు చాలాసేపు కప్పుకేసి చూశాడు. కర్ర మోతకు అందేది అడుగో రెండడుగులో. దానిపైన ఏముందో కర్ర చెప్పదు. ఇది ఆయనకు ఉద్యోగంలో చేరిన ఏడాదినుంచీ తెలుసు. ఈ రెండు నెలల్లో ఒక్కసారీ గుర్తు రాలేదు.

"రూఫు బాగలేదు," అన్నాడు. చేయి చెవి దగ్గరికి వెళ్లింది. బాగా కుట్టినట్టుంది, ముఖం ముడుచుకుంది. "అందరు బయటికి నడువుండ్రి."

కప్పు పడలేదు. ఆ రోజూ పడలేదు, మర్నాడూ పడలేదు. మూడు రోజులు గాలరీ ఆగిపోయింది. నాలుగోనాడు, కారణం లేకుండా పని ఆపించాడని ఓదెలును సస్పెండ్ చేస్తూ కాగితం వచ్చింది. సోమవారం విచారణ అన్నారు. చీమ రాసిపెట్టుకున్న రాతలను యాజమాన్యం తెప్పించుకుంది. సాక్ష్యం చెప్పడానికి స్వరూపను పిలిచారు.

విచారణ దాకా స్వరూప అన్న ఇంట్లోనే ఉండిపోయింది. సమ్మక్క ఆమెతో మాట్లాడటం మానేసింది. ఒక్కసారి మాత్రం, నీళ్ల గ్లాసు అందిస్తూ, "మా ఆయన ముప్పై ఏండ్లు ఒక్కమాట పడలే స్వరూపా," అంది. ఆ మాటకు స్వరూపకు ఏడుపొచ్చింది, అన్న నిద్ర చెడుతుందని వాకిట్లోకి వెళ్లిపోయింది.

ఎజాజ్ ఫోన్ చేశాడు. "చీమ నూటికి నాలుగుసార్లు పొరబడుతుందని మనమే రాశాం కదా. ఇది ఆ నాలుగులో ఒకటని చెప్పండి. మీ అన్నగారు బయటపడతారు."

ఆమె అద్దం ముందు నిలబడి, నిజంగా అంతేనేమోనని నమ్మబోతూ, ఆ మాట అని చూసుకుంది. "అది యంత్రం పొరపాటు." చెవి వెనక చురుక్కుమంది. ఆమె ఫోన్ తీసి, రెండు ఆసుపత్రులకూ చీమలు పంపవద్దని ఎజాజ్‌కు చెప్పింది. పంపినవి ఉంటే వెనక్కి తెప్పించమంది. నివేదిక తప్పని ఉత్తరం తనే రాస్తానంది. 

"తొమ్మిదేళ్లు, స్వరూప గారూ," అన్నాడు ఎజాజ్.

"అవును," అంది ఆమె.

విచారణ జనరల్ మేనేజరు గోవర్ధనరావు గదిలో. ఆయనతోపాటు మరో ఇద్దరు అధికారులు. యాజమాన్యం ముచ్చటపడి తెప్పించింది కనక ముగ్గురి చెవుల వెనకా చీమలున్నాయి, తీసేస్తే బాగుండదని ఉంచుకున్నారు. ఓదెలు ఇస్త్రీ చొక్కాతో గోడ పక్కన నిలబడ్డాడు. లింగయ్యా ముఠా మనుషులూ తలుపు దగ్గర నిలబడ్డారు.

గోవర్ధనరావు కాగితం చదివాడు. "ఉదయం ఏడు నలభై. ఓదెలు మాట, రూఫు బాగలేదు. యంత్రం గుర్తు వేసింది. డాక్టర్ గారూ, గుర్తు అంటే అర్థమేమిటి?"

"ఆ మాట అతనికి తెలిసి చెప్పింది కాదని."

"యంత్రం పొరబడి ఉండవచ్చా?"

స్వరూప అన్నకేసి చూడలేదు. "ఇక్కడ పొరబడలేదు. ఓదెలుకు తెలియదు."

తలుపు దగ్గర గుసగుస లేచింది. గోవర్ధనరావు కాగితం బల్లమీద పెట్టాడు. "అయితే తెలియని సంగతి మీద మూడు రోజుల పని ఆపించాడు. అవునా?"

"అవును. సార్, నాదొక ప్రశ్న. అతని మాట తప్పంటే, రూఫు బాగుందనే కదా. ఆ మాట మీరొకసారి అంటారా?"

"అందులో అనడానికేముంది, రూఫు బాగానే," అని ఆయన చెవి తడుముకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "మొన్న తనిఖీలో గట్టిగా ఉందని," అని మళ్లీ ఆగిపోయాడు. పక్కనున్న అధికారి ఆయన్ని ఆదుకుందామని "ఇన్ని రోజులూ పడలేదంటే పడదనే," అన్నాడు, చెయ్యి చెవి మీదికి పోయింది. మూడో అధికారి తెలివైనవాడు, నోరు తెరవలేదు. తలుపు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

గోవర్ధనరావుకు కోపం రావాల్సింది. అదేమిటో రాలేదు. ఆయనా ఒకప్పుడు లోపల పనిచేసినవాడే. చెవి వెనక గింజను వేలితో రుద్దుకున్నాడు. "మరి ఎవరికి తెలుసు?" అన్నాడు.

"ఈ గదిలో ఎవరికీ తెలియదు సార్. బోరు వేసి చూడాలి."

బోరు వేశారు. మంగళవారం పొద్దున గాలరీ బయటి అంచున, గట్టి దుంగల కింద నిలబెట్టి, బోరు యంత్రాన్ని ఏటవాలుగా పైకి తిప్పారు. ఓదెలును పిలిపించారు. స్వరూప వెళ్లింది. గోవర్ధనరావు కూడా, ఎన్నేళ్లకో, టోపీ లైటు పెట్టుకుని దిగాడు. మొదటి గజం గట్టి రాయి. రెండో గజమూ అంతే. అందరూ రాతిలోకి దిగుతున్న బోరు కడ్డీకేసి తప్ప ఎటూ చూడటం లేదు. అన్న ఉద్యోగం ఆ కడ్డీ చివర ఉందని స్వరూపకు తెలుసు. అయినా పైన ఏముందో చూడాలన్న ఆత్రం ఆమెలో అంతకన్నా ఎక్కువైంది, అందుకు తన మీద తనకే కోపమొచ్చింది. మూడో గజం సగంలో కడ్డీ ఒక్కసారిగా జానెడు ముందుకు జారింది. రాయి లేదు. మరుక్షణం కడ్డీ పక్కనుంచి బురదనీళ్లు బుసబుసా దిగి గోవర్ధనరావు బూట్లమీద పడ్డాయి.

జానెడు ఖాళీ. దానికింద రెండు గజాల మందాన రాతిపలక, పైన దేన్నీ పట్టుకోకుండా ఉంది. కర్రతో ఎంత కొట్టినా ఖణేల్‌మనే అంటుంది.

అందరినీ వెనక్కి రమ్మన్నారు. పైకి వచ్చాక, ఎండలో, గోవర్ధనరావు అందరి ముందూ ఓదెలు భుజం మీద చెయ్యి వేశాడు. "తప్పు మాదే ఓదెలూ. యంత్రం ఏమన్నా సరే, ముప్పై ఏళ్ల అనుభవం. మనసులో నీకు తెలుసు."

ఓదెలు అప్పటికే చెవి వెనకనుంచి గింజను తీసి స్వరూప చేతిలో పెట్టేశాడు.

"లేదు సారూ, నాకు ఎర్కలేదు," అన్నాడు. "ఎర్కుంటే ఇంకో నాలుగు దుంగలు వెట్టి పని నడిపిస్తుంటి. ఎర్కలేదు గనుకనే పన్నెండు మందిని బయటికి తోల్కొచ్చిన."